తన కాగు తాను కాచుకోలేని అగ్నితీర్థం

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతలకి కూడా ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, ధాన్యవతి అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో ఎటు చూసినా మొక్కజొన్న చేలే. పొద్దున సంకటి, మధ్యాహ్నం రొట్టె, సాయంత్రం పేలాలు. నూకలు కోళ్ళకి, చొప్ప ఎద్దులకి, గింజ వలిచిన బెండ్లు పొయ్యిలోకి. కంకిలో పారేసే భాగమంటూ ఏదీ ఉండేది కాదు.

ఆ రాజ్యాన్ని ఏలే రాజు పేరు గజపాలుడు. మంచివాడే. కాకపోతే ఆయనకి రథాల పిచ్చి. అలాంటిలాంటి రథాలు కావు, గుర్రాలు అక్కర్లేని అగ్నిరథాలు. కడుపులో ఇంత చమురు పోసి నిప్పంటిస్తే చాలు, బుసలు కొడుతూ, దుమ్ము లేపుతూ, దారిలో కోళ్ళని బెదరగొడుతూ పరిగెత్తేవి. అలాంటివి పన్నెండు ఉండేవి రాజుగారి దగ్గర. పన్నెండింటికీ ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నాడు. తన రాజ్యంలో పన్నెండు ఊళ్ళ పేర్లు చెప్పమంటే మాత్రం తడుముకునేవాడు.

చిక్కంతా చమురుతో వచ్చింది. అది ధాన్యవతి నేలలో దొరకదు. సముద్రం అవతల సాగరద్వీపంలో నేలలోంచి ఊరుతుంది. ఆ ద్వీపపు రాజు దాన్ని జాడీల్లో నింపి, మూతి మీద తిమింగలం ముద్ర వేసి, ఓడల మీద పంపేవాడు.

ఒక ఏడు చమురుతో పాటు ఒక లేఖ కూడా వచ్చింది.

“గజపాలా! వచ్చే ఏటి నుంచి చమురు కావాలంటే నువ్వే స్వయంగా రా. మా రేవులో దిగి, చేతులు జోడించి అడుగు. అప్పుడు చూద్దాం.”

రాజుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేఖని నిండు సభలో ముక్కలు ముక్కలు చేశాడు.

“ఇక పరాయివాడి చమురు చుక్క కూడా ధాన్యవతి గడప తొక్కకూడదు! మన నేల మీద పండినదానితోనే మన రథాలు నడవాలి. నడిపించినవాడు ఏది అడిగితే అది ఇస్తాను!” అని చాటింపు వేయించాడు.

ఆ కోపం న్యాయమైనదే. అక్కడుంటే నేనూ చించేవాణ్ణి ఆ లేఖని. కాకపోతే కోపంలో ఉన్నవాడి దగ్గరికి సరుకు అమ్ముకునేవాడు తొందరగా వస్తాడు. ఇక్కడా అలాగే వచ్చాడు.

అతని పేరు కుంభదత్తుడు, వర్తకుడు. నెత్తిన జరీ తలపాగా, నోట్లో తమలపాకు, చేతిలో చిన్న గాజు బుడ్డి. సభ మధ్యలో నిలబడి బుడ్డి మూత తీసి నిప్పు చూపించాడు. అది నీలంగా, ముచ్చటగా, కొంచెం కూడా పొగ లేకుండా మండింది.

“ఏమిటిది?” అన్నాడు రాజు, సింహాసనం అంచుకి జరిగి.

“అగ్నితీర్థం, మహారాజా! తమ నేల మీద పండిన మొక్కజొన్న నుంచి తీసినది. మూడు మాటలు మనవి చేసుకుంటాను. ఒకటి, దీనికి పొగ ఉండదు. రెండు, దీంతో రైతు బంగారు పళ్ళెంలో భోంచేస్తాడు. మూడు, దీనివల్ల తమరు ఏ పరాయి రాజు ముందూ చెయ్యి చాచనక్కర్లేదు.”

రాజుగారికి మూడో మాట ఒక్కటే వినపడింది.

సభలో ఉన్న ముసలి మంత్రి బుడ్డిని ముక్కు దగ్గర పెట్టుకుని, “మహారాజా, ఇది సారాయి వాసన కొడుతోంది” అన్నాడు.

“శివశివా! తీర్థాన్ని పట్టుకుని సారాయి అంటారా!” అని కుంభదత్తుడు రెండు చెవులూ మూసుకున్నాడు. సభ అంతా మంత్రి వైపు కొరకొరా చూసింది. ఆయన పాపం బుడ్డి కింద పెట్టేసి తన ఆసనంలో కూర్చున్నాడు. దేనికైనా గొప్ప పేరు పెట్టారంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం చప్పట్లు చేసిపెడతాయి.

అలా రాజ్యం చివర, ఒక పచ్చని గుట్ట పక్కన, వాగు ఒడ్డున, అగ్నితీర్థం బట్టీ లేచింది. అక్కడ ఉన్న ఊరి పేరు గుట్టవెనక. బట్టీలో పని ఇలా సాగేది. గింజలు రవ్వగా విసిరి, గంజి కాచి, తొట్లలో పులియబెట్టేవారు. పులిసిన గంజిని రాగి కాగులో పోసి కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలోంచి పోయి, చల్లబడి, చుక్కచుక్కగా జాడీలో పడేది. ఆ చుక్కలే అగ్నితీర్థం. గుట్టవెనకవాళ్ళు మాత్రం దాన్ని మంటనీళ్ళు అనేవారు.

మొదటి ఏడు రాజుగారు పంటలో మూడో వంతు బట్టీకి ఇమ్మన్నారు. రైతులు సంతోషంగా ఇచ్చారు, ఎందుకంటే మంచి ధర పలికింది. కంది, రాగి, వంగ, బెండ అన్నీ పీకి, గట్ల మీద కూడా మొక్కజొన్నే వేశారు. రథం ఊళ్ళోకి వస్తే ఆడవాళ్ళు హారతి కూడా ఇచ్చారు.

రెండో ఏడు రెండు వంతులు ఇమ్మన్నారు. ఈసారి ఇళ్ళల్లో సంకటి ముద్ద చిన్నదైంది. పట్నంలో రోజుకూలీ చేసుకునేవాళ్ళు ఒక పూట తిని రెండో పూట నీళ్ళు తాగారు. గింజ అమ్ముకున్న రైతే వానాకాలం నాటికి గింజ కొనుక్కోవాల్సి వచ్చింది, అదీ అమ్మినదానికి రెట్టింపు ధరకి. బంగారు పళ్ళెం సంగతి అలా ఉంచండి, ఉన్న మట్టి పళ్ళెంలోకే ముద్ద కరువైంది.

గుట్ట మీద చెట్లన్నీ కాగు కిందికి పోయాయి. రాజుగారి బట్టీ కాబట్టి కట్టె కొట్టడం, మొయ్యడం అంతా వెట్టిచాకిరీయే. ఉత్తపుణ్యానికి వచ్చిన కట్టె ఎంత మండిందో అడిగినవాడు లేడు. వాగు నీళ్ళు తొట్లలోకి పోయాయి. రథం వెనక పొగ లేదన్నమాట నిజమే. ఆ పొగంతా వచ్చి గుట్టవెనక ఊరి మీద కూర్చుంది. ఆరేసిన బట్టలు నల్లబడ్డాయి, ఆడుకునే పిల్లలు దగ్గారు.

పోనీ రథాలైనా బాగా నడిచాయా అంటే, చమురుతో మూడు ఆమడలు పోయే రథం తీర్థంతో రెండు ఆమడలకే దాహమంటూ నిలబడిపోయేది. “తీర్థం కదా మహారాజా, రథాలు కాస్త ఇష్టంగా తాగుతున్నాయి” అన్నాడు కుంభదత్తుడు. దానికీ చప్పట్లు కొట్టారు!

మూడో ఏడు వానలు సరిగా పడలేదు. పండిందే తక్కువ. అదంతా బట్టీకే ఇమ్మని ఆజ్ఞ వచ్చింది. జనం కడుపు కట్టుకుని ఇచ్చారు. అడవి దుంపలు తవ్వుకుని, చింతచిగురు దూసుకుని, చిన్నపిల్లలకి గంజి, పెద్దవాళ్ళకి గంజి మీద తేట.

అది చాలలేదు. పన్నెండు రథాలనూ వరసగా సముద్రపు ఒడ్డు దాకా నడిపించి, సాగరద్వీపం ఓడలవాళ్ళ కళ్ళ ముందు ఊరేగించాలని రాజుగారి కోరిక. దానికి ఇంకా మూడు బండ్ల గింజ కావాలి. రాజ్యమంతా ఊడ్చినా అర బండి కూడా దొరకలేదు.

అప్పుడు కుంభదత్తుడు మెల్లగా అన్నాడు. “ఒక్క చోట ఉంది, మహారాజా. గుట్టవెనకలో విత్తనాల ఇల్లు.”

ఆ ఇంటి సంగతి మీకు చెప్పాలి. గుట్టవెనకలోనూ, చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలోనూ కోతలప్పుడు ఒక ఆచారం ఉంది. ప్రతి ఇల్లూ తన చేలో అన్నిటికంటే మంచి కంకులు ఏరి పక్కన పెడుతుంది. వాటి పొరలు వెనక్కి వలిచి, ఆ పొరలనే జడలా అల్లి, గుట్టవెనకలోని విత్తనాల ఇంటికి తెచ్చి ఇస్తుంది. అక్కడ వాటిని పొయ్యి పైన దండేలకి వేలాడదీస్తారు. పొయ్యి పొగ తగులుతుంటే పురుగు చేరదు. వాన పడగానే ఎవరి జడ వారు దింపుకుని విత్తుకుంటారు. ఆకలి ఎంత వేసినా ఆ కంకి మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ ఏడు కూడా ఎవరూ వెయ్యలేదు. తల్లులు ఖాళీ కుండలు గీకి పిల్లలకి పెట్టారు గానీ, దండెం వైపు చూడలేదు.

ఆ పొయ్యి ఆరకుండా చూసుకునే ఆమె పేరు ఈరమ్మ. అరవై ఐదేళ్ళది, చువ్వలా ఉంటుంది. ఈ కంకులు పోతే వాన పడ్డా విత్తడానికి గింజ ఉండదు. ఇరవై ఊళ్ళు ఆకలితో చస్తాయి. ఆ సంగతి ఈరమ్మకి తెలుసు, ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు.

ముందు దండోరా వేసేవాడు వచ్చాడు. “విత్తనాల ఇంట్లో ఉన్న కంకులన్నీ రేపు పొద్దుటికల్లా బట్టీకి చేర్చాలహో!” అని డప్పు కొట్టాడు.

ఈరమ్మ గుమ్మంలోకి వచ్చి, “ఇంకోసారి కొట్టు నాయనా, సరిగా వినపడలేదు” అంది. అతను మళ్ళీ కొట్టాడు.

“వినపడింది. ఇవ్వనని చెప్పు. నీ డప్పు మీదే కొట్టి చెప్పు” అని లోపలికి వెళ్ళి పొయ్యి ఎగదోసుకుంది.

మర్నాడు దండనాయకుడు భైరవుడు ఇరవైమంది సైనికులతో వచ్చాడు. అప్పటికే ఊరి ఆడవాళ్ళంతా రోకళ్ళు ఒళ్ళో పెట్టుకుని విత్తనాల ఇంటి అరుగు నిండా కూర్చుని ఉన్నారు. దంచడానికి ఎలాగూ గింజలు లేవు, రోకళ్ళకి కూడా ఏదో ఒక పని ఉండాలి కదా.

“పక్కకి జరుగు అవ్వా. రాజాజ్ఞ” అన్నాడు భైరవుడు.

“జరగను. నువ్వు ఎవరి కొడుకువి?”

“కొత్తచెలక సింగమ్మ కొడుకుని.”

“మా సింగమ్మ కొడుకువా! ఆ మూల జడ చూశావా, ఎర్ర దారం కట్టి ఉంది? అది మీ అమ్మ చేతుల్తో అల్లి ఇచ్చింది. నీ వొంట్లో ఉన్న కండంతా అలాంటి కంకి విత్తితే పండింది తిని పెరిగిందే. ఇప్పుడు కత్తి దూసి దాన్ని నరుకుతావా? నరుకు, నేను అడ్డం రాను. ముందు నన్ను నరికి, తర్వాత దాన్ని నరుకు.”

భైరవుడు పైకి చూశాడు. ఎర్ర దారం గుర్తుపట్టాడు.

“నా వల్ల కాదు అవ్వా. వెళ్ళి రాజుగారికే చెప్పుకుంటాను” అని ఇరవైమందినీ వెనక్కి తిప్పాడు.

మూడో రోజు రాజే వచ్చాడు. అగ్నిరథం మీద బుసలు కొట్టుకుంటూ వచ్చాడు. పక్కన కుంభదత్తుడు, వెనక గుర్రం మీద భైరవుడు. ఈరమ్మ గుమ్మంలోంచి కదలలేదు. ఇంటికి వచ్చినవాడు కాబట్టి చెంబుతో నీళ్ళు మాత్రం ఇచ్చింది. చెంబులో సగమే ఉన్నాయి.

“మా వాగులో ఇప్పుడు ఇంతే పారుతోంది మహారాజా. తాగండి.”

రాజు చెంబు పట్టుకునే అడిగాడు. “నా ఆజ్ఞనే కాదన్నావట?”

“అన్నాను. మీరు మూడో వంతు అడిగితే ఇచ్చాం. రెండు వంతులు అడిగితే ఇచ్చాం. మొత్తం అడిగితే కడుపులు మాడ్చుకుని ఇచ్చాం. అది మా తిండి, మాది కాబట్టి ఇచ్చాం. ఇవి మావి కావు. ఇంకా పుట్టని పంటవి. పుట్టనివాళ్ళ తిండి ఇచ్చెయ్యడానికి నేనెవర్ని? అడగడానికి మీరెవరు?”

రాజుతో ‘మీరెవరు’ అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు.

“ఇదంతా నా కోసమనుకున్నావా? రాజ్యం పరువు కోసం! సాగరద్వీపంవాడి ముందు తల వంచకుండా ఉండడం కోసం!” అని గద్దించాడు రాజు.

“తల వంచకుండా ఉండడమంటే నాకూ ఇష్టమే. ఇప్పుడు చూస్తున్నారు కదా” అంది ఈరమ్మ.

రాజుకి నవ్వు రాబోయింది గానీ ఆపుకున్నాడు. ఈరమ్మ మాత్రం నవ్వలేదు.

“మహారాజా, మా ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. కొత్త కంకులు వచ్చినప్పుడు చేను గట్టు మీద పెద్ద కుండ పెట్టి ఊరంతటికీ కలిపి ఉడకబెడతాం. ప్రతివాడూ తన వంతు కట్టె తెచ్చి కుండ కింద పెట్టాలి. పెట్టనివాడికి కంకి లేదు. ఊరిపెద్దకైనా లేదు. ఈ వర్తకుడు మూడేళ్ళ నుంచి కుండ మీద కుండ కాచుకుంటున్నాడు. కట్టె మాది, వాగు మాది, గింజ మాది. తను తెచ్చిన పుల్ల ఒక్కటీ లేదు. ఆయన వంతు కట్టె ఇవాళ చూపించమనండి.”

“అంటే?” అన్నాడు రాజు.

“దున్నిన ఎద్దుల కష్టం వదిలేస్తున్నా. కోసిన చేతుల కష్టం వదిలేస్తున్నా. ఎండిన వాగునీ వదిలేస్తున్నా. గంజి కాచి పులియబెట్టిన మంట కూడా అడగను. పులిసిన గంజి తొట్ల నిండా ఉంది, అదే వాడుకోమనండి. అడిగేది ఒక్కటే. మంటనీళ్ళు దించడానికి కాగు కింద మంటనీళ్ళే పొయ్యాలి. వేరే పుల్ల కూడా పెట్టకూడదు. ఒక నిండు జాడీతో మొదలెట్టి, వచ్చినదాంతోనే రెండో కాగు, అందులోంచి వచ్చినదాంతోనే మూడో కాగు కాచాలి. మూడూ అయ్యాక మిగిలినదాంతో మీ రథం ఇక్కణ్ణించి మీ కోటగుమ్మం చేరితే చాలు. నా చేతుల్తో నేనే కంకులు దింపి మీ బండికెత్తుతాను. చేరకపోతే కంకులు ఇక్కడే ఉంటాయి, బట్టీ ఆరిపోతుంది, చేలు మళ్ళీ తిండికే పండుతాయి. ఒప్పుకుంటారా?”

“ముసలామెకి శాస్త్రం ఏం తెలుసు మహారాజా! ఇలాంటి వీధి పందేలు తమ స్థాయికి...” అంటూ కుంభదత్తుడు తలపాగా సర్దుకున్నాడు.

“రోజూ ముప్పై కాగులు కాస్తావు కదా, మూడు కాయడానికి భయమెందుకు?” అన్నాడు రాజు. “కాయి.”

ఊరంతా బట్టీ దగ్గరికి చేరింది. ఈ కథలో జంతువులు మాట్లాడవు. మాట్లాడితే ముందుగా ఎద్దులే నోరు విప్పి ఉండేవి, మోసింది అవే కాబట్టి. ఆ రోజు అవి కూడా గట్టు మీద వరసగా నిలబడి చూశాయి.

నిండు జాడీ తెచ్చి మొదటి కాగు కింద గాడిలో పోశారు. నీలిమంట చక్కగా లేచింది. గంజి వేడెక్కడానికే చాలాసేపు పట్టింది. ఎప్పటికో గొట్టంలోంచి చుక్క పడింది. జనం “పడింది, పడింది” అన్నారు. కుంభదత్తుడు మీసం దువ్వాడు. ఇంతలో గాడిలో మంట ఆరిపోయింది. కింద పెట్టిన జాడీ చూస్తే సగం నిండింది.

“మొదటి కాగు కదా, చల్లగా ఉండింది” అన్నాడు కుంభదత్తుడు.

“రెండోది పెట్టు” అన్నాడు రాజు.

ఆ సగం జాడీ రెండో కాగు కింద పోశారు. ఈసారి మంట తొందరగా తగ్గింది. గొట్టం చివర చుక్కలు పడ్డాయి, ఆగాయి, మళ్ళీ ఒకటి పడింది, ఆగిపోయాయి. వచ్చింది చెంబెడు.

“గాలి ఎదురుగా ఉంది మహారాజా” అన్నాడు కుంభదత్తుడు. ఆకు కూడా కదలడం లేదు.

“మూడోది.”

చెంబెడు పోశారు. మంట భగ్గుమంది, మీరు ముగ్గురి పేర్లు చెప్పేలోపు తగ్గింది, ఆరిపోయింది. ఈరమ్మ వెళ్ళి కాగులో వేలు పెట్టి చూసింది. “పసిబిడ్డకి పోసే నీళ్ళైనా ఇంతకంటే వేడిగా ఉంటాయి” అంది.

గొట్టం చివర చుక్క లేదు. అందరూ ఆ గొట్టం వైపే చూస్తున్నారు.

అప్పుడు బట్టీ పనివాడు ఒకడు, రోజూ చేసే పని కాబట్టి అలవాటు చొప్పున, “అయ్యగారూ, మంట ఆరింది. రోజూ పోసేది తెచ్చి పొయ్యమంటారా?” అన్నాడు.

“నోర్ముయ్!” అన్నాడు కుంభదత్తుడు.

“మాట్లాడు,” అన్నాడు రాజు. “రోజూ పోసేది ఏమిటి?”

పనివాడు ఇటు చూశాడు, అటు చూశాడు. తర్వాత బట్టీ వెనక ఉన్న కొట్టం తలుపు తీశాడు.

లోపల నేల నుంచి కప్పు దాకా జాడీలు పేర్చి ఉన్నాయి. ఒక్కో జాడీ మూతి మీద తిమింగలం ముద్ర.

రాజు ఒక జాడీ దగ్గరికి వెళ్ళి ఆ ముద్ర మీద చెయ్యి పెట్టాడు. మూడేళ్ళ కిందట లేఖ చించిన చెయ్యి అదే.

“గుట్ట మీద కట్టె అయిపోయింది మహారాజా...” కుంభదత్తుడు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. “కాగు కింద ఏదో ఒకటి మండాలి కదా... పక్క రాజ్యం రేవులో దింపించి, గడ్డిబండ్లలో తెప్పించాను. తమ ఇష్టం నెరవేరాలనే...”

“పరాయి చమురు తాగకూడదని నా రథాలకి నీ తీర్థం పోశాను. ఆ తీర్థం కాయడానికి నువ్వు పరాయి చమురు పోశావు. ఆ మధ్యలో నా జనం తిండి పోశావు” అన్నాడు రాజు. “ముందు చమురే పోసుకుని ఉంటే, కనీసం నా జనం అన్నం తినేవారు.”

అవమానం జరిగిన రాజు ఎటు తిరుగుతాడో చెప్పలేం. సాక్షులుగా నిలబడ్డ ఊరి మీదికే తిరగవచ్చు. భైరవుడి చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. ఆ కత్తి ఎవరి కోసమో అతనికే ఇంకా తెలియదు.

రాజు ఈరమ్మ వైపు తిరిగాడు. “గెలిచావు కదా. నవ్వవేం?”

“నవ్వడానికి తీరిక లేదు మహారాజా. అటు చూడండి, తూర్పున మబ్బు పట్టింది. కంకులు దింపి గింజ వలుచుకోవాలి.”

రాజు మబ్బు వైపు చూశాడు. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి, తన రథం తడుస్తుందని కాకుండా నేల తడుస్తుందని అనుకున్నాడు. తల పంకించి, “దింపుకోండి” అన్నాడు.

ఇరవై ఊళ్ళకీ కబురు వెళ్ళింది. బట్టీ మంట ఆరిపోయింది. రాజుగారి రథంలో మాత్రం వెనక్కి వెళ్ళడానికి తీర్థం చాలలేదు. చివరికి ఈరమ్మ ఎద్దుల జత కట్టి ఆ అగ్నిరథాన్ని కోట దాకా లాక్కుపోయారు. దారిలో ఒక్క కోడి కూడా బెదరలేదు. ఎద్దులు మధ్యలో ఆగి గట్టు మీది ఎండుచొప్ప నాలుగు పరకలు నమిలి, మళ్ళీ నడిచాయి.

కుంభదత్తుణ్ణి రాజు చెరసాలలో పెట్టలేదు. గునపం ఇచ్చి గుట్ట మీదికి పంపాడు. “నరికించిన ప్రతి చెట్టుకి బదులు ఒక మొక్క నాటు. వాగు నుంచి నీళ్ళు నువ్వే మోసి పొయ్యి. నువ్వు కూర్చోడానికి చాలినంత నీడ వచ్చాక ఇంటికి వెళ్ళు” అన్నాడు. గుట్టవెనక పిల్లలు రోజూ గుట్ట ఎక్కి, ఇంకా నీడ రాలేదని అతనికి గుర్తు చేసేవారు.

సాగరద్వీపం రాజుకి గజపాలుడు జవాబు రాశాడు. ఆ కొట్టంలో దొరికిన జాడీలన్నీ ముద్ర కూడా విప్పకుండా ఓడకెక్కించి, వాటితో పాటు పంపాడు.

“నీ చమురు నీకే పంపుతున్నాను. నా పన్నెండు రథాల్లో ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నా గుర్రాలకి గడ్డి ఉంది, నా కాళ్ళకి బలం ఉంది. చేతులు జోడించమన్నావు. కుదరదు, చేతుల నిండా విత్తనాలు ఉన్నాయి.”

వాన పడింది. గట్ల మీద కంది వచ్చింది, పెరళ్ళలో వంగ, బెండ వచ్చాయి. చేలల్లో మొక్కజొన్న నడుం ఎత్తు పెరిగి, తల ఎత్తు దాటి, పీచు వేసి, కంకి కట్టింది.

కొత్త కంకుల రోజున గుట్టవెనక చేను గట్టు మీద పెద్ద కుండ పెట్టారు. ఇంటింటి నుంచీ ఒక్కొక్కరు కట్టె తెచ్చి కింద పెడుతున్నారు. అంతలో దారి మీద ఒకాయన నడిచి వస్తున్నాడు. కాళ్ళ నిండా దుమ్ము, భుజం మీద ఏదో చెక్క. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టారు, రాజు. అందరూ గబగబా లేవబోయారు.

“కూర్చోండి” అంది ఈరమ్మ అందరితో. తర్వాత రాజు వైపు తిరిగి, “మహారాజా, మీ వంతు కట్టె ఏది?” అంది.

రాజు భుజం మీది చెక్క దింపి చూపించాడు. నగిషీ చెక్కిన పీట. అంచుల్లో ఇంకా బంగారు రంగు కనపడుతోంది.

“నా పట్టపు రథంలో నేను కూర్చునే పీట ఇది” అన్నాడు.

ఈరమ్మ దాన్ని వేళ్ళతో తట్టి చూసింది. “బాగా ఎండింది. చక్కగా మండుతుంది” అని తీసుకుని కుండ కింద పెట్టింది.

కంకులు ఉడికాయి. ఈరమ్మ మొదటిది సింగమ్మకి ఇచ్చింది, రెండోది ఆమె కొడుకు భైరవుడికి ఇచ్చింది, మూడోది రాజుకి ఇచ్చింది. ఆయన వేడివేడిగా ఊదుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ, ఒక్క గింజ కూడా వదలకుండా తిన్నాడు. తిన్నాక బెండు పారెయ్యబోయి ఆగి, దాన్ని కూడా కుండ కింద పెట్టాడు.

నా కథ అయిపోయింది, ఆ కుండ మాత్రం ఏటేటా ఉడుకుతూనే ఉంది.

నీతి: తన కాగు తాను కాచుకోలేనిదానికి ఎంత పవిత్రమైన పేరు పెట్టినా, దాని కోసం జనం నోటి ముద్దనీ రేపటి విత్తనాన్నీ అడిగేవాడు రాజైనా సరే, గుమ్మంలో అడ్డంగా నిలబడి ఇవ్వనని చెప్పాలి.